పది కిలోవాట్ల ఇంటికి త్రీఫేజ్ డీబీ: ప్లెయిన్ టీపీఎన్, పీపీఐ, ఫేజ్ సెలెక్టర్‌లలో ఏది మేలు?

కరెంటు సామాను దుకాణంలో త్రీఫేజ్ డీబీ (ఇంటి సర్క్యూట్లకు కరెంటు పంచే బోర్డు) అడిగితే రెండు ప్రశ్నలు వస్తాయి. ఎన్ని వే కావాలి, ఏ కంపెనీ కావాలి. బేరం అక్కడితో అయిపోతుంది. లోపల ఎన్ని ఆంపియర్ల ఎంసీబీలు (కరెంటు హద్దు మీరితే తమంతట తామే పడిపోయే స్విచ్‌లు) పెట్టాలి, ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఒకటి చాలా మూడు కావాలా, న్యూట్రల్ (కరెంటు తిరిగివెళ్లే వైరు) ఎక్కడ విడిపోవాలి అన్నవి అడిగేవాళ్లు తక్కువ. వైర్లు మాడినా, టీవీలు పోయినా కారణం మాత్రం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

హావెల్స్, లెగ్రాండ్, ష్నైడర్, సీమెన్స్, ఏబీబీ, హాగర్, 2024లో లారిట్జ్ నుడ్‌సెన్‌గా పేరు మారిన ఎల్ అండ్ టీ స్విచ్‌గేర్, వీటన్నిటికీ త్రీఫేజ్ బోర్డులున్నాయి. అసలు సరుకే అయితే ఒక కంపెనీ పెట్టెకూ ఇంకో కంపెనీ పెట్టెకూ ఉండే తేడా కన్నా, ఒక రకం బోర్డుకూ ఇంకో రకానికీ ఉండే తేడా చాలా పెద్దది. అందుకే ఈ సమీక్ష కంపెనీల మీద కాదు, మన ఇళ్లలో పెట్టే మూడు రకాల మీద: మూడు ఫేజులకూ కలిపి ఒకే ఆర్‌సీసీబీ ఉండే ప్లెయిన్ టీపీఎన్ (ట్రిపుల్ పోల్ అండ్ న్యూట్రల్), ఒక్కో ఫేజును విడిగా కాపాడే పీపీఐ, తిప్పుడు స్విచ్‌లున్న ఫేజ్ సెలెక్టర్.

ముందు లోడు లెక్క

ఒక మామూలు సొంతిల్లు తీసుకుందాం. మూడు పడకగదులు, మూడు ఒకటిన్నర టన్నుల ఏసీలు, మూడు 2 కిలోవాట్ల గీజర్లు, ఒక ఇండక్షన్ స్టవ్, హీటరున్న వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, ఒవెన్, సింగిల్‌ఫేజ్ మీద నడిచే ఒకటిన్నర హెచ్‌పీ బోరు మోటారు, లైట్లు, ఫ్యాన్లు, ఇన్వర్టర్. అన్నీ కలిపితే 19 కిలోవాట్లు దాటుతుంది. అయితే గీజర్లు చలికాలం పొద్దున, ఏసీలు ఎండాకాలం రాత్రి నడుస్తాయి కాబట్టి 10 కిలోవాట్ల కాంట్రాక్టెడ్ లోడు (కరెంటు సంస్థ దగ్గర రాయించుకునే లోడు) ఇలాంటి ఇంటికి సరిపోతుంది.

10 కిలోవాట్లు మూడు ఫేజుల మీద సమంగా పడితే, 400 వోల్టులు, 0.9 పవర్ ఫ్యాక్టర్ దగ్గర, ఫేజుకు 16 ఆంపియర్లు. కానీ ఏ ఇంట్లోనూ లోడు సమంగా పడదు. వై ఫేజు (మూడు ఫేజులను ఆర్, వై, బీ అంటారు) మీద ఒక ఏసీ 8, ఒక గీజరు 9, బోరు మోటారు 10, లైట్లు 2 అనుకుంటే, అన్నీ ఒకేసారి ఆన్ అయిన రోజు అది 29 ఆంపియర్లు లాగుతుంది. ఇన్‌కమర్‌ను, అంటే డీబీలోకి కరెంటు వచ్చే చోటి మెయిన్ స్విచ్‌ను, తేల్చేది 16 కాదు, ఈ 29.

సర్క్యూట్లు ఎన్నో చూద్దాం. లైట్లు, ఫ్యాన్లకు నాలుగు, ఏసీలకు మూడు, గీజర్లకు మూడు, వంటింటి పవర్ ప్లగ్గులకు రెండు, వాషింగ్ మెషిన్, మోటారు, ఇన్వర్టర్‌కు ఒక్కోటి. మొత్తం 15. టీపీఎన్ బోర్డులో “4 వే” అంటే ఫేజుకు నాలుగు, అంటే 12 సింగిల్‌పోల్ ఎంసీబీలు. “6 వే” అంటే 18, “8 వే” అంటే 24. ఇన్‌కమర్ వైపు ఎనిమిది మాడ్యూళ్ల (ఒక మాడ్యూల్ అంటే ఒక సింగిల్‌పోల్ ఎంసీబీ పట్టే వెడల్పు) చోటు విడిగా ఉంటుంది: మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే ఫోర్‌పోల్ ఎంసీబీకి నాలుగు, ఫోర్‌పోల్ ఆర్‌సీసీబీకి నాలుగు. 4 వే అంటే నాలుగు సర్క్యూట్లనో, 12 వే అంటే పన్నెండు సర్క్యూట్లనో అనుకుని తప్పు సైజు తెచ్చుకునేవాళ్లు చాలామంది. మన ఇంటికి 4 వే చాలదు, 6 వే సరిపోతుంది. పై అంతస్తు వేసే ఆలోచనో కారు చార్జరు పెట్టే ఆలోచనో ఉంటే 8 వే తీసుకోవాలి. ఖాళీ చోట్లకు మూతలు పెట్టుకోవచ్చు, గోడ మాత్రం మళ్లీ పగలగొట్టలేం.

ఆంపియర్లు: పెద్ద అంకె మంచిది కాదు

పెట్టె మీద కనపడే 63, 100 అన్న అంకెలు బస్‌బార్ (ఎంసీబీలకు కరెంటు పంచే లోహపు పట్టీ) తట్టుకునే కరెంటును చెప్తాయి. ఇంటికి అంత కరెంటు వాడుకోవచ్చని వాటి అర్థం కాదు. మీటరు మీద 10-40 అని ఉంటే మీటరు హద్దు 40 ఆంపియర్లు. దాని తర్వాత 63 ఆంపియర్ల ఇన్‌కమర్ పెడితే అది మీటరునూ కాపాడదు, సర్వీస్ వైరునూ కాపాడదు. ఈ ఇంటికి 40 ఆంపియర్ల ఫోర్‌పోల్ సీ-కర్వ్ (కర్వ్ సంగతి కింద ఉంది) ఎంసీబీ, మీటరు నుంచి డీబీ దాకా 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు సరైనవి. 32 ఎందుకు కాదంటే మన ఎండల వల్ల. ఎంసీబీ మీద అచ్చేసిన ఆంపియర్లు 30 డిగ్రీల వేడి దగ్గర కట్టిన లెక్క. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గోడలో బిగించిన మూసిన పెట్టెలో, పక్కపక్కనే ఎంసీబీలు వేడెక్కుతుంటే లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు 32 ఆంపియర్లది సుమారు 28 దగ్గరే అలసిపోతుంది. “ఎండాకాలంలో ఊరికే పడిపోతోంది” అనే ఎంసీబీలు చాలావరకు పాడైనవి కావు, వేడికి ముందే పడుతున్నవి.

మీటరు పక్కనే 40 ఆంపియర్ల ఫోర్‌పోల్ ఎంసీబీ ఉంటే డీబీలో మళ్లీ ఎంసీబీ అక్కర్లేదు, ఫోర్‌పోల్ ఐసొలేటర్ (తనంతట తాను పడదు, చేత్తో ఆపే స్విచ్) చాలు. ఒకే ఆంపియర్ల ఎంసీబీలు ఒకదాని వెనక ఒకటి ఉంటే ఏది ముందు పడుతుందో చెప్పలేం.

ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడు తెలియదు. అది లీకేజీని మాత్రమే చూస్తుంది. దాన్ని వేడి నుంచి కాపాడాల్సింది ముందున్న ఎంసీబీ. 40 ఆంపియర్ల ఎంసీబీ 1.45 రెట్లు, అంటే 58 ఆంపియర్లు, గంట లోపు ఎంతసేపైనా వదలొచ్చు. ఐఎస్/ఐఈసీ 60898-1 ప్రమాణం అంతవరకు ఒప్పుకుంటుంది. కాబట్టి దాని వెనక 40 కాదు, 63 ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాలి. పెద్ద అంకె మేలు చేసేది ఈ ఒక్క చోటే.

బయటికి వెళ్లే సర్క్యూట్లలో లెక్క తిరగబడుతుంది. ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడ్డానికి కాదు, గోడలో పోయే వైరును కాపాడ్డానికి. పైపులో వేసిన 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు 6 లేదా 10 ఆంపియర్లు, 2.5కు 16, 4కు 20 నుంచి 25, 6కు 32, 10కు 40. ఇవి హద్దులు. 2.5 వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే ఏమవుతుంది? ఆ వైరు మోయగలిగింది 20 ఆంపియర్ల దరిదాపుల్లో. ఆ ఎంసీబీ 46 ఆంపియర్లను కూడా చాలాసేపు వదిలేస్తుంది. ఎంసీబీ పడదు, పైపులో ఇన్సులేషన్ మెత్తబడుతుంది. పవర్ ప్లగ్గు సాకెట్ కూడా 16 ఆంపియర్లదే. అందువల్ల వైరు 4 స్క్వేర్ ఎంఎం వేసినా, సాకెట్ చివర ఉన్న గీజరుకు 16 ఆంపియర్ల ఎంసీబీయే సరైనది. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ 8 ఆంపియర్లే లాగుతుంది కాబట్టి దానికీ 16 చాలు. అలవాటుగా ఏసీకి 32 చేతిలో పెట్టే దుకాణంలో ఆ మాట గట్టిగా చెప్పండి.

కర్వ్, అంటే ఎన్ని రెట్ల కరెంటుకు ఎంసీబీ వెంటనే పడుతుందన్న సంగతికొస్తే, బీ రకం 3 నుంచి 5 రెట్ల కరెంటుకు, సీ రకం 5 నుంచి 10 రెట్లకు, డీ రకం 10 నుంచి 20 రెట్లకు వెంటనే పడతాయి. గీజరుకు బీ సరిపోతుంది. మోటారుకు, ఫ్రిజ్‌కు, ఏసీకి సీ. డీ రకం వెల్డింగ్ మెషిన్లకు తప్ప ఇంట్లో పనికిరాదు. మోటారు మొదలయ్యేటప్పుడు ఎంసీబీ పడిపోతోందని డీ పెట్టేముందు స్టార్టర్ కెపాసిటర్ చూడాలి, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. షార్ట్ సర్క్యూట్‌ను తెంచే శక్తి ఎంసీబీ ముఖం మీద చిన్న దీర్ఘచతురస్రంలో 10000 అని రాసి ఉంటుంది. అదే తీసుకోండి.

ప్లెయిన్ టీపీఎన్

ఒక ఫోర్‌పోల్ ఎంసీబీ, ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఫోర్‌పోల్ ఆర్‌సీసీబీ, తర్వాత అన్నీ సింగిల్‌పోల్ ఎంసీబీలు. మూడింటిలో చవక, వైరింగ్ తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది. దీని లోపమంతా ఆ ఒక్క ఆర్‌సీసీబీలో ఉంది. ఇన్వర్టర్ ఏసీ, వాషింగ్ మెషిన్, కంప్యూటర్ లాంటివి తమ ఫిల్టర్ల ద్వారా ఒక్కోటి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు ఎర్త్‌లోకి వదులుతూనే ఉంటాయి. అది దోషం కాదు, వాటి నిర్మాణమే అంత. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. ఇంటి మొత్తం లీకేజీ 12 దాకా చేరాక వానాకాలంలో బయటి లైటులో చెమ్మ చేరితే చాలు, ఇల్లంతా చీకటి. దోషం ఎక్కడుందో పట్టుకోవడం ఒక పని, ఊళ్లో లేనప్పుడు ఫ్రిజ్ ఆగిపోవడం ఇంకో నష్టం.

ఈ విసుగుతో చాలా ఇళ్లలో ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా వైరు కలిపేస్తారు, లేదంటే 100 మిల్లీ ఆంపియర్లది పెడతారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. 100 మిల్లీ ఆంపియర్లది మనిషికి షాక్ కొట్టినప్పుడు కాపాడడానికి చేసింది కాదు. ఎర్త్ ఉంది కదా, ఎంసీబీ పడుతుంది అనుకోవడం కూడా తప్పే. సొంత ఎర్త్ గొయ్యి ఒక్కటే ఆధారమైన ఇంట్లో ఆ గొయ్యి నిరోధం 5 ఓములే అనుకున్నా, ఫేజు తగిలిన గీజరు బాడీ నుంచి 46 ఆంపియర్లకు మించి పోదు. 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ వెంటనే పడాలంటే కనీసం 80, ఖాయంగా పడాలంటే 160 కావాలి. ఆ ఖాళీని పూడ్చేది ఆర్‌సీసీబీ ఒక్కటే. ఏసీలు లేని ఇంటికి, చిన్న షాపుకు ప్లెయిన్ టీపీఎన్ బాగానే ఉంటుంది. మనం తీసుకున్న ఇంటికి సిఫారసు చేయం.

పీపీఐ

పర్ ఫేజ్ ఐసొలేషన్ అన్నదానికి పొట్టి పేరు ఇది. ఇన్‌కమర్ తర్వాత ఆర్, వై, బీ ఒక్కోదానికి ఒక్కో డబుల్‌పోల్ ఆర్‌సీసీబీ, ఒక్కో న్యూట్రల్ లింక్ (న్యూట్రల్ వైర్లు బిగించే పట్టీ) ఉంటాయి. మూడు ఆర్‌సీసీబీల ఖర్చు ఒక ఫోర్‌పోల్ దాని కన్నా ఎక్కువే. కానీ లీకేజీ మూడుగా విడిపోతుంది, ఒకటి పడినా ఇంట్లో మూడో వంతే ఆగుతుంది, దోషం ఏ ఫేజులో ఉందో అప్పుడే తెలిసిపోతుంది. మా ఓటు దీనికే. ఆర్‌సీసీబీలు “టైప్ AC” కాకుండా “టైప్ A” తీసుకోండి. ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషిన్ల నుంచి వచ్చే సగం తరంగపు లీకేజీని టైప్ AC సరిగా గుర్తించకపోవచ్చు.

దీన్ని పాడుచేసేవి రెండు. మొదటిది న్యూట్రళ్లు కలిసిపోవడం. ఆర్ ఫేజు సర్క్యూట్ న్యూట్రల్ తెచ్చి వై లింక్‌లో బిగిస్తే ఆ లైటు వేయగానే రెండు ఆర్‌సీసీబీలూ పడతాయి. గదుల స్విచ్‌బోర్డుల్లో దగ్గర్లో దొరికిన న్యూట్రల్‌ను లాగే అలవాటు వల్లే ఇది వస్తుంది. ఇన్వర్టర్ లైన్ కూడా అంతే. ఇన్వర్టర్‌కు కరెంటు ఏ ఫేజు నుంచి ఇచ్చారో, అది నడిపే లైట్ల న్యూట్రల్ ఆ ఆర్‌సీసీబీ గుండానే తిరిగి రావాలి. అందుకే డీబీ కొనకముందే, వైర్లు లాగే రోజునే ప్రతి సర్క్యూట్‌కూ సొంత న్యూట్రల్ వేయించి రెండు చివర్లా ఒకే నంబరు కట్టించాలి. పాత వైరింగ్ ఉన్న ఇంట్లో ఇది కుదరకపోతే పీపీఐ పెట్టి ప్రయోజనం లేదు.

రెండోది త్రీఫేజ్ మోటారు. 3 హెచ్‌పీ త్రీఫేజ్ బోరు మోటారుకు మూడు ఫేజులను మూడు ఆర్‌సీసీబీల వెనక నుంచి తీసుకుంటే, ఒక్కో ఆర్‌సీసీబీలో ఫేజు గుండా కరెంటు పోతుంది, న్యూట్రల్ గుండా ఏమీ తిరిగిరాదు. ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీగానే చూస్తుంది. స్టార్టర్ నొక్కగానే మూడూ పడిపోతాయి. లిఫ్టుకూ త్రీఫేజ్ సోలార్ ఇన్వర్టర్‌కూ ఇదే చిక్కు. అలాంటి లోడును ఆర్‌సీసీబీల కన్నా ముందు, ఇన్‌కమర్ దగ్గరే విడదీసి, దానికి సొంత త్రీపోల్ ఎంసీబీ, సొంత ఫోర్‌పోల్ ఆర్‌సీసీబీ వేరే పెట్టెలో ఇవ్వాలి.

ఫేజ్ సెలెక్టర్

మన ఊళ్లలో దీనికి గిరాకీ ఎందుకో చెప్పక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోతే ఒక ఫేజు గంటల తరబడి రాదు, ఇంట్లో మూడో వంతు ఆగిపోతుంది. ఈ బోర్డులో ఒక్కో భాగానికి ఒక్కో తిప్పుడు స్విచ్ ఉంటుంది. ఆర్, వై, బీలలో ఏది వస్తుంటే దాని మీదికి ఆ భాగాన్ని మార్చుకోవచ్చు.

సౌకర్యం నిజమే, ప్రమాదమూ నిజమే. ఆర్ పోయిందని ఆ భాగాన్ని వై మీదికి తిప్పితే వై మీద రెండు భాగాల లోడు పడుతుంది. వై మీద 29, ఆర్ మీద 28 అనుకుంటే, కలిసి 57 ఆంపియర్లు. 40 ఆంపియర్ల ఇన్‌కమర్ కాసేపు చూసి మొత్తం ఇంటిని ఆపేస్తుంది. అది పడినందుకు సంతోషించాలి. దాన్ని మార్చి 63 పెట్టించుకున్న ఇంట్లో అది పడదు, మీటరూ వైరూ కాగుతాయి. ఇంకొకటి ఉంది. మూడు ఫేజుల మీద లోడు దాదాపు సమంగా ఉన్నప్పుడు న్యూట్రల్‌లో తేడా కరెంటు మాత్రమే పోతుంది. అన్నీ ఒకే ఫేజు మీదికి తిప్పితే మొత్తం కరెంటు న్యూట్రల్ గుండానే వెళ్లాలి. న్యూట్రల్‌కు సన్న వైరు వేసి మిగుల్చుకున్న చోట మాడేది అదే. ఫేజు తిప్పేముందు గీజర్లు, ఏసీలు, మోటారు ఎంసీబీలు కిందికి దించాలి. తిప్పేది లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ కోసమే. ఆ క్రమం ఇంట్లో అందరికీ తెలియకపోతే ఈ బోర్డు వద్దు. త్రీఫేజ్ మోటారును సెలెక్టర్ తర్వాత ఎప్పుడూ కలపకూడదు. రెండు స్విచ్‌లు ఒకే ఫేజు మీద ఉంటే మోటారు తిరగకుండా మూలుగుతుంది, చుట్టలు కాలిపోతాయి.

ఫేజు పోయిందా లేదా అన్నది నియాన్ టెస్టర్‌తో తేల్చకండి. ఎక్కడో నడుస్తున్న త్రీఫేజ్ మోటారు గుండా వెనక్కి వచ్చే కొద్దిపాటి వోల్టేజీకి కూడా టెస్టర్ వెలుగుతుంది. మల్టీమీటరుతో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కొలవాలి, 230 దగ్గర ఉండాలి.

మూడు రకాలూ కాపాడలేనిది

సర్వీస్ న్యూట్రల్ తెగితే మూడు రకాల్లో ఏదీ పనికిరాదు. అప్పుడు రెండు ఫేజుల మధ్య ఉన్న 400 వోల్టులు ఇంట్లోని సామాను మీద పంచుకుంటాయి. ఒక ఫేజు మీద 2 కిలోవాట్ల గీజరు, ఇంకో ఫేజు మీద టీవీ ఒక్కటే ఉంటే దాదాపు మొత్తం వోల్టేజీ టీవీ మీదే పడుతుంది. కరెంటు లీకవలేదు కాబట్టి ఆర్‌సీసీబీ కదలదు, ఆంపియర్లు పెరగలేదు కాబట్టి ఎంసీబీ కదలదు. దీనికి ఓవర్, అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ కావాలి. 270 వోల్టుల దరిదాపుల్లో తెంచేసి, సర్దుకున్నాక తనంతట తానే కలిపేది. మెరుపుల కోసం పెట్టే టైప్ 2 ఎస్‌పీడీ (క్షణకాలం ఎగసే వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించేది) వేరు. ఇది దానికి బదులు కాదు, అది దీనికి బదులు కాదు. ఇన్‌కమర్ చోటు నిండిపోతుంది కాబట్టి ఈ రెండింటికీ పక్కన చిన్న పెట్టె అనుకోండి. ఎస్‌పీడీ వైర్లు అర మీటరు మించకూడదు, పొడవైతే పని తగ్గిపోతుంది. ఇన్‌కమర్‌గా త్రీపోల్ ఎంసీబీ పెట్టి న్యూట్రల్‌ను విడి స్విచ్ గుండా తీయడం అసలు ఒప్పుకోవద్దు. ఆ స్విచ్ ఒక్కటే ఆపితే కూడా ఇదే జరుగుతుంది.

కారు చార్జరు ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. 7.4 కిలోవాట్ల సింగిల్‌ఫేజ్ చార్జరు ఒకే ఫేజు నుంచి గంటల తరబడి 32 ఆంపియర్లు లాగుతుంది. 40 ఆంపియర్ల ఇన్‌కమర్‌లో ఆ ఫేజు మీద ఇంకేమీ నడవదు. చార్జరును 16 ఆంపియర్లకు తగ్గించి పెట్టుకోండి, లేదా కాంట్రాక్టెడ్ లోడు పెంచుకోండి.

పెట్టె చూడడం, బిగించడం

దుకాణంలో పెట్టె తెరిపించి చూడండి. బస్‌బార్ రాగిదై ఉండాలి, మీద ఇన్సులేషన్ తొడుగు ఉండాలి. న్యూట్రల్ బార్‌లో సర్క్యూట్‌కు ఒక స్క్రూ చొప్పున ఉండాలి. ఒకే కన్నంలో రెండు మూడు వైర్లు దూర్చాల్సి వస్తే కొన్నాళ్లకు ఒకటి వదులై వేడెక్కుతుంది. నాలుగున్నర అంగుళాల గోడలో ఫ్లష్ పెట్టె పెడితే వెనక గచ్చు పలచబడి పగులుతుంది, తొమ్మిది అంగుళాల గోడ చూసుకోండి. మేస్త్రి పని జరిగేటప్పుడు బయటి పెట్టె మాత్రమే గోడలో ఉండాలి. లోపలి ఫ్రేము, తలుపు, ఎంసీబీలు రంగులయ్యాకే బిగించాలి. సిమెంటు దుమ్ము పడిన ఎంసీబీ లీవరు బిగుసుకుపోతుంది, దాన్ని వాడకూడదు.

పోగుల వైరును నేరుగా స్క్రూ కింద పెట్టకుండా పిన్ లగ్గు (వైరు చివర తొడిగే లోహపు కొన) వేసి నొక్కి క్రింప్ చేయించండి. సర్వీస్ వైరు అల్యూమినియం అయితే రాగితో కలిసే చోట బైమెటాలిక్ లగ్గు ఉండాలి. స్క్రూ ఎంత బిగించాలో ఎంసీబీ పక్కన ముద్రించి ఉంటుంది. నెల తర్వాత మెయిన్ ఆపించి అన్ని స్క్రూలనూ ఒకసారి మళ్లీ బిగించాలి, కొత్త రాగి కాస్త సర్దుకుని వదులవుతుంది.

కరెంటు ఇవ్వకముందు ఏసీలు, ఎల్‌ఈడీలు, ఇన్వర్టర్, ఎస్‌పీడీ విప్పి ఉంచి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం) ప్రతి సర్క్యూట్ ఇన్సులేషన్ చూపించమనండి. 1 మెగాఓము కన్నా తక్కువ చూపిన వైరును కలపనివ్వొద్దు. ఆ తర్వాత ఒక్కో ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కాలి, చివరగా ఒక్కో ఎంసీబీ దించుతూ ఏ గది ఆగిందో చూసి తలుపు లోపల తెలుగులో రాయించాలి: “పెద్ద గది ఏసీ, వై, 16”. ఎలక్ట్రీషియన్ మారినా, ఇంట్లో పెద్దవాళ్లే ఉన్నా ఆ చీటీ చూసి సరైన ఎంసీబీని దించగలుగుతారు.